రాతి కింది పెట్రోల్ బుక్

కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో నీలకంఠం తాత మీసాలకి ఎంత పేరో, అబద్ధం దాచలేని మొహానికి అంతకంటే పేరు. పేకాటలో మంచి ముక్క పడితే ఆయన కంటే ముందు ఆ మీసాలే చెప్పేస్తాయి. అలాంటి మనిషి రెండు నెలలుగా ఇంటిల్లిపాదికీ ఒకే అబద్ధం చెప్పి నెగ్గుకొస్తున్నాడు.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ లైన్లో కీమేన్‌గా చేశాడు. భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా. పట్టాల వెంట తన బీటు కొసదాకా నడిచి, పట్టాలని పట్టి ఉంచే ఇనప కీలు సడలితే బిగించుకుంటూ రావడమే పని. వానాకాలం గస్తీకి పెట్రోల్ బుక్ అని ఒక పుస్తకం ఉండేది. బీటు చివర అందులో వేళ వేసి, చూసింది చూసినట్టు రాసి, సంతకం పెట్టాలి.

రిటైరయ్యాక పట్టాలు పోయాయి గాని కాళ్ళు ఊరుకోలేదు. రోజూ తెల్లవారగానే కొండవాగు బాట పట్టేవాడు. ఆషాఢంలో ఒకనాడు పాచిరాయి మీద జారి మోచెయ్యి చీరుకుని వచ్చేసరికి, కొడుకు రాజ్‌కుమార్ వాగు నడక బంద్ అన్నాడు. ఇంకోసారి వెళ్ళినట్టు తెలిస్తే పార్వతీపురంలో గవర్రాజు చిన్నాన్న ఇంటికి పంపేస్తానన్నాడు. అక్కడ నడవడానికి డాబా తప్ప ఏమీ లేదు.

అప్పటినుంచి తాత పాలకి వెళ్తున్నాడు. పాలబూత్ పది నిమిషాల దూరం. తాతకి గంటన్నర పట్టేది.

ఒక శనివారం మనవరాలు రాధ బడినుంచి వస్తూనే కబురు తెచ్చింది. వాళ్ళ స్టెల్లా టీచర్ వాగు వెంట ఎక్కడో ఒక డబ్బా దాచిందట. ఫోన్‌లో ఆ చోటు గుర్తు చూసుకుంటూ వెతకాలి. ఆట పేరు జియోకాషింగ్. డబ్బాలో పుస్తకం ఉంటుంది, అందులో పేరు రాసి మళ్ళీ అక్కడే దాచెయ్యాలి. పిల్లలు ఇంట్లోవాళ్ళతోనే వెళ్ళాలి. ఆ మాట విని తాత టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ డబ్బా ఆయనకి తెలుసు. పది రోజుల కిందట, తాను రోజూ వెనక్కి తిరిగే చోటే, ఒక రాయి పాచివైపు కిందికీ మట్టివైపు పైకీ ఉండడం చూశాడు. ఏళ్ళ తరబడి కదిలినవాటినే వెతికిన కన్ను మరి. ఎత్తితే స్టీలు డబ్బా, లోపల పుస్తకం, పెన్ను. బీటు చివర పుస్తకం, పెన్ను కనబడితే కీమేన్ అన్నవాడు ఏం చేస్తాడు? ఎవరిదని ఆలోచించకుండా అదే చేశాడు. ఆ రోజూ, ఆ తర్వాత ప్రతి రోజూ.

ఆదివారం అందరూ బయల్దేరారు. నూకమ్మ నాయనమ్మ ఉప్మా గిన్నె పట్టుకుంది. రాజ్‌కుమార్ తండ్రి చెయ్యి పట్టుకుని, ఏ రాయి మీద కాలు వెయ్యాలో నేర్పుతూ నడిపించాడు. తాత బుద్ధిగా నేర్చుకున్నాడు.

కొండల మధ్య ఫోన్ ఒక్కచోట నిలవలేదు. ఒకసారి అవతలి గట్టు చూపించింది, ఒకసారి నీళ్ళ నడుమ. రాధ చెట్ల వేళ్ళ సందులన్నీ తడిమింది. తాత ఆ రాతికి రెండడుగుల దూరంలో కూర్చుని ఆకాశం చూశాడు. అరగంటయ్యాక రాధ ఫోన్ తండ్రికి ఇచ్చేసి, టీచర్ ఉత్తినే చెప్పిందేమో అంది.

ఆకాశంలో చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. చూసినదాన్ని చూడనట్టు వదిలేసి రావడం ఆయన లైన్లో ఎప్పుడూ ఎరగడు.

“ఆ రాయి చూడు గుంటా,” అన్నాడు మెల్లగా. “పాచి అడుగునెందుకుంటాది?”

డబ్బా దొరికింది. రాధ గంతులేసి పుస్తకం తెరిచి, ఆగిపోయింది. మొదటి పేజీ నిండిపోయి ఉంది. హిందీ బడి పిల్ల గనక తెలుగు కూడబలుక్కుని చదివింది: “బుధవారం, 5-40. నీరు మడమల దాకా. దారిలో కొమ్మ పడింది, తీశాను. అంతా ఠీక్. నీలకంఠం, కీమేన్.”

రాజ్‌కుమార్ పుస్తకం అందుకున్నాడు. పది రోజులూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది: “5-55. రెండో రాయి మీద కాలు జారింది. దెబ్బ లేదు. రాయి మీద ఇసుక వేశాను. అంతా ఠీక్.”

“జారింది కూడా రాసేసేవేటి నాన్నా?”

“పుస్తకంలో అబద్ధం ఎలాగ రాస్తాన్రా.”

ఇంట్లో చెప్పినదానికి సంతకం లేదు గనక అది వేరే సంగతి కాబోలు.

నూకమ్మ ఉప్మా పెడుతూ, పాలకెళ్ళిన మనిషి పంచె అంచు రోజూ తడిసొస్తుంటే తాను ఆరేస్తూనే ఉన్నానంది. రాజ్‌కుమార్ వాగులోకి దిగి రెండో రాయి మీద పాదం ఆనించి చూశాడు. జారలేదు; ఇసుక ఇంకా ఉంది. రాధ తాత పేరు కింద హిందీలో తన పేరు రాసి, డబ్బా దాచి, ఈసారి పాచి పైకి పెట్టింది.

సోమవారం తెల్లవారుతుండగా తాత పాలక్యాన్ తీసుకుని తలుపు తీస్తే, మెట్టు మీద రాజ్‌కుమార్ ఆవులిస్తూ బూట్లు కట్టుకుంటున్నాడు. పాలకేనా అని అడిగాడు.

“వాగు మీంచి,” అన్నాడు తాత. మీసాలు అప్పటికే లేచి ఉన్నాయి.

ఆ రోజు పుస్తకంలో ఇలా ఉంది: “5-50. పది నిమిషాలు లేటు. అబ్బాయి నెమ్మదిగా నడుస్తాడు. అంతా ఠీక్.”