మల్లేశం మామ కౌజు పిట్టలు, ఆదివారం ప్యాకెట్లు

ఈ పోస్ట్ రేపటిదాకా ఆపలేను. మామ ఇచ్చిన ప్యాకెట్ మీలో కొందరి ఫ్రిజ్‌లో ఇంకా ఉంది.

మల్లేశం మామ, మా అమ్మ తమ్ముడు, నిన్న పొద్దున పోయాడు.

నేను ఆఫీస్ బస్సులో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి "మామ లేడు బిడ్డా" అంది.
ఏ మామ అని అడిగాను.
నాకు ఉన్నది ఒక్క మామే.

ఫ్యాక్టరీలో కాంట్రాక్ట్ పని పోయాక, పటాన్‌చెరు అవతల చిన్న షెడ్డు వేసి కౌజు పిట్టలు పెంచాడు. కోయడం, కడగడం, ప్యాకింగ్ అంతా పక్క గదిలోనే, ఆయనా అత్తా. తెల్లాపూర్ ఫ్లాట్ల ఆర్డర్లు నా ఫోన్‌కి వచ్చేవి.

మొదటిసారి ఒక మేడం పిట్టను చూసి, ఇంత చిన్నదా అంది.
"మీ ఫ్లాట్లకు గిదే సైజు మేడం" అన్నాడు మామ.
ఆమె నవ్వి తీసుకుంది.

మా వైపు బోరు నీళ్లను నమ్మలేం. వాన పడిన మర్నాడు రుచి మారుతుంది, ఒక్కోసారి రంగు కూడా.

అందుకే మామ రోజూ ముందు తాను ఒక గుక్క తాగి, తర్వాతే పిట్టల గిన్నెల్లో పోసేవాడు. చేదు తగిలితే ఆ రోజు ట్యాంకర్ నీళ్లు. అలా తాగొద్దని నేను పోట్లాడితే ఒకటే మాట.
"నా నోటికి పడనిది గా పానాలకెట్ల పోస్త?"

పోయిన వారం గట్టి జలుబు చేసింది. అన్నం తిన్నా మన్ను తిన్నట్టే ఉందన్నాడు.
అయినా పొద్దున్నే నీళ్లు తాగి చూశాడు. బాగానే ఉన్నాయనుకున్నాడు.

ఆదివారం ప్యాకెట్లు వెళ్లిపోయాయి.
సోమవారం పిట్టలు రెక్కలు వేలాడేసి పడిపోవడం మొదలైంది.
నిన్న మామ షెడ్డు గుమ్మంలోనే కూలిపోయాడు.

డాక్టర్ గుండెపోటు అన్నారు. నీళ్ల వల్లే అని నేను అనడం లేదు. మాంసంలో ఏమైనా ఉందో లేదో నాకు తెలియదు. కానీ ఇవాళ షెడ్డులో ఒక్క పిట్ట చప్పుడు కూడా లేదు.

"పేరు పోతది బిడ్డా, గిట్ల పెట్టకు" అంది అత్త. ఆమెను ఏమీ అనకండి. ఆమెకు మిగిలింది ఆ షెడ్డే.

తీసుకున్నవాళ్లందరికీ ఫోన్ చేస్తున్నాను. ఇద్దరు ఎత్తడం లేదు.

ఆ మాంసం వండకండి, పారేయకండి. శుక్రవారం పొద్దున పశువుల డాక్టర్ వస్తున్నారు. ప్యాకెట్లు మీ దగ్గర నుంచి తీసుకుని పరీక్షకు ఇస్తాను.

నిమ్మళంగ పండుకో మామా. ఇగ నిన్ను ఎవ్వరూ లేపరు.

ఆదివారం తీసుకున్నవాళ్లు, తిని బాగున్నా సరే, గురువారం సాయంత్రంలోపు నాకు ఒక్క మాట రాయండి.