రాతి మీద మా నాయన ముఖం

మా నాయన పోయాడు. పుంగనూరులో, తన మంచం మీదే, పొద్దున్నే కాఫీ తాగి గడ్డం గీసుకున్నాక. మదనపల్లెలో నాకు ఫోన్ వచ్చేసరికి అంతా అయిపోయింది. శుభ్రంగా తయారై వెళ్లాడని చూడ్డానికి వచ్చినవాళ్లంతా అన్నారు. ఆయన ఎక్కడికైనా అలాగే వెళ్లేవాడు. మిలిట్రీ వదిలిపెట్టినా మిలిట్రీ ఆయన్ను వదల్లేదు. బస్సు ఆలస్యమైతే డ్రైవరును సంజాయిషీ అడిగేవాడు. నేను పుట్టింటికి వెళితే పలకరింపుకన్నా ముందు, చెప్పులు వరసగా విడవలేదని గొణుగుడు వినిపించేది.

ఏటా ఒక్కరోజు మాత్రం ఆయన నోరు మెదిపేవాడు కాదు. ఆ రోజు శాంతిపురం దాటి, కుప్పం దారిలో ఉన్న ఒక పల్లెకు వెళ్లేవాడు. తనతోపాటు మిలిట్రీలో చేరి, యుద్ధంలో తన పక్కనే ప్రాణం విడిచిన స్నేహితుడి ఊరు అది. పోరులో పోయినవాళ్లకు పొలంలో రాయి నిలిపే ఆచారం ఆ వైపు పాతది. స్నేహితుడికీ అలా ఒక రాయి ఉంది. మోకాళ్లు మొరాయించాక తోడుగా నన్ను పిలిచాడు. "పామ్మా, రిపోర్టు చేసి వస్తాం" అన్నాడంతే.

మొదటిసారి ఆ రాయిని దగ్గరికి వెళ్లి చూశాను. నల్లరాతిలో తుపాకీ పట్టుకుని నిలబడింది మా నాయనే. మా ఇంటి గోడకున్న పెళ్లి ఫొటోలోని ముఖమే అది. అదే వెడల్పు నుదురు, కాస్త పక్కకు తిరిగిన అదే ముక్కు. ముసలి నాయన పడుచు నాయన మెడలో పూలదండ వేస్తున్నాడు. ఇదేంది నాయనా అని అడిగితే, బస్సుకు టైమాయ పామ్మా అన్నాడు.

తిరుగు బస్సులో చెప్పాడు. స్నేహితుడి ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదట. ముఖం ఎలా ఉండేదో చెప్పమని రాయి చెక్కే ఆయన మా నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఈయన మాటలతో చెబుతూ ఉంటే, ఆయన చేతులు ఎదుట కనబడే ముఖాన్నే చెక్కేశాయి.

"కాదని సెప్పేదానికి నోరు రాలేదు మా. వాళ్లమ్మ అప్పటికే రాయిని కరుసుకోని ఏడుస్తాండె. ఇన్నేండ్లూ దాన్నే సూసి సూసి, వాని మొగం నాకు మాయమైపాయ. కండ్లు మూసుకుంటే నేనే కనపడతా. సచ్చేలోగా ఒక్కసారి వాడు కనపడితే సాలు."

చెప్పొద్దూ, అప్పట్నుంచి ఆ రాయంటే నాకు భయం పట్టుకుంది. పుట్టింట్లో ఉన్నప్పుడు, ఆయన నిద్రలో ఎవరినో వెతుకుతున్నట్టు కదిలితే లేచి లైటు వేసేదాన్ని.

కిందటేడు వెళ్లిందే చివరిసారి. స్నేహితుడి చెల్లెలు చెంబుతో నీళ్లు పోసి రాయి కడుగుతోంది. పండు ముసలి. ఎప్పుడు వెళ్లినా మా నాయన ఆవిడతో తల దించుకునే మాట్లాడేవాడు. ఆ రోజు కూడా తల ఎత్తకుండానే అసలు మాట బయటపెట్టాడు.

"సెల్లెమ్మా, ఈ మొగం మీయన్నది కాదు. నాది."

ఆవిడ కడగడం ఆపలేదు. "తెలుసు లేన్నా. మాయమ్మకూ తెలుసు. కన్నతల్లికి తెలీదా? ఇద్దురు పోతే ఒగడన్నా తిరిగొచ్చినాడు, ఆ మొగమే ఉండనీలే అనింది."

మా నాయన నేల చూస్తూనే అన్నాడు. "నాకు వాడు కనపడ్లేదు మా. ఎంత తలుసుకున్నా కనపడ్లేదు."

ఆవిడ చెంబు పక్కన పెట్టింది. తల మీది కొంగు తీసేసి, దగ్గరికొచ్చి నిలబడింది. "యాల నేలకల్లా సూస్తావు? నన్ను సూడు. నేనూ మాయన్నా ఒగే అచ్చు అనేవాళ్లు ఊర్లో."

చూశాడు. ఎంతసేపు చూశాడో. ఆవిడ గడ్డం కింద మెల్లగా చెయ్యి పెట్టి, ముఖం వెలుతురు వైపు తిప్పాడు.

"ముసలోడివైపోయినావు కదరా" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, ఆయన చూపు తెగుతుందేమోనని. నా తండ్రికి అంతటి ఉపకారం ఇంకెవరూ చేయలేదు.

కర్మలన్నీ ముగిశాక ఆవిడకు చెప్పడానికి ఒక్కదాన్నే వెళ్లాను. విని, ఆవిడ పొలంలోకి నడిచింది. రాయి ముందు నిలబడి, పోయినవాళ్లకు కళ్లు మూసినట్టు, దాని కళ్ల మీదుగా అరచేత్తో కిందికి నిమిరింది. చెయ్యి తీసి చూసింది. రాతి కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మళ్లీ నిమిరింది.