సముద్రంలో పర్మనెంటు అడ్రసు

కరెంటాఫీసు గుమస్తాగారిని పెద్దింట్లమ్మ సముద్రంలోకి తోసేసిందని కాకినాడ బస్సుల్లో చెప్పుకుంటున్నారు. అబద్ధమండి. ఆయన తన కాళ్ళతో తనే పడవెక్కాడు, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ.

ఉప్పాడలో చేపలమ్ముకునే పెద్దింట్లమ్మకి ఒకప్పుడు డాబా ఇల్లుండేదండి. తొంభై రెండులో సముద్రం తినేసింది. రోడ్డవతల రేకుల షెడ్డిచ్చి, "టెంపరరీ, ఆర్నెల్లే" అన్నారు. ఆ ఆర్నెల్లకి తొమ్మిదేళ్ళు నిండాయి. షెడ్డు ముందు ఆవిడ పాతిన మునగచెట్టు కాయలు వీధంతా తింటోంది.

ఇప్పుడు కూతురు వీరదుర్గకి ఏడో నెల. తొలి పురుడు పుట్టింట్లోనే కదా. వియ్యపురాలు అప్పాయమ్మేమో, "అసలే ఎండాకాలం వదినా. ఫ్యానుంటే పంపుతాం, లేదంటే మా ఇంట్లోనే పురుడు పోస్తాం" అనేసింది. కరెంటే లేని షెడ్డుకి ఫ్యానెక్కడిది? పెద్దింట్లమ్మ మీటరు కోసం పరిగెత్తింది.

గుమస్తా చినబాబుగారు దరఖాస్తు చూసి పెదవి విరిచాడు. "షెడ్డు టెంపరరీ అమ్మా. మీటరు పర్మనెంటు అడ్రసుకే ఇస్తాం."

"రెండిటికీ తేడా ఏంటి బాబూ?"

"టెంపరరీ అంటే నాలుగు రోజులుండి పోయేది. పర్మనెంటంటే ఎప్పటికీ ఉండేది."

"అయితే మీ కాగితంలో తిరగేసి రాశారండి. ఎప్పటికీ ఉండేది ఎప్పుడో పోయింది. పోవాల్సింది కదల్లేదు."

"ఇంగ్లీషు నాకు నేర్పుతావేంటమ్మా? పర్మనెంటు అడ్రసు నేను కళ్ళారా చూసి రిపోర్టు రాయాలి."

"రండి, చూపిస్తాను."

మర్నాడు మరిది సత్తియ్య పడవ తీశాడు. కాస్త దూరం పోయాక పెద్దింట్లమ్మ ఆపమంది. "ఇదేనండి మా గుమ్మం. అదిగో, ఆ కెరటం లేచిన చోట వంటిల్లు."

"మీటరు ఏ గోడకి పెడతారో చెప్పండి," అన్నాడు సత్తియ్య, "మేకు నేను కొడతాను."

చినబాబుగారు పొద్దున తిన్న పెసరట్టుని సముద్రానికి అప్పజెప్పే పనిలో ఉన్నాడు.

ఒడ్డుకొచ్చి తేరుకుని రిపోర్టు రాశాడు: "పర్మనెంటు అడ్రసుకు వెళ్ళి చూడగా ఇంట్లో ఎవరూ లేరు. మరల వెళ్ళవలెను." రాశాక, ఆ వెళ్ళేది తనేనని గుర్తొచ్చింది. ఆ కాగితం చింపేసి, షెడ్డుకి టెంపరరీ మీటరు రాసిచ్చాడు, ఆర్నెల్లకి.

"ఆర్నెల్లేనా పిన్నీ?" అన్నారు ఇరుగుపొరుగు.

"టెంపరరీ అన్నారు కదా," అంది పెద్దింట్లమ్మ ఫ్యాను కింద చాప పరుస్తూ. "ఇంక దాన్నెవరూ కదపలేరు."

వీరదుర్గ వచ్చింది, ఆడపిల్లని కంది. మీరెప్పుడైనా అటు వెళ్తే మునగచెట్టున్న షెడ్డు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆ ఫ్యాను ఇంకా తిరుగుతోందో లేదో చూసి పెట్టండి.