నాలుగు పరుపుల మీంచి నేల మీదికి

పుంగనూరులో పరుపు కుట్టించుకోవాలంటే అజీజాబీ ఇంటికే పోవాలి. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, అజీజాబీయే చెప్పుకునేది. కాదన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు కాబట్టి మనమూ నిజమే అనుకుందాం. దూదేకుల ఇంట్లో పుట్టి దూదేకుల ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి. భర్త హనీఫ్ దూది ఏకి పోస్తే, ఆమె నేల మీద కూర్చుని, పరుపు చుట్టూ జరుగుతూ దబ్బనంతో కుట్టేది. కుట్టడం అయ్యాక లేచి, కాళ్ళు కడుక్కుని, ఈ చివర నుంచి ఆ చివరికి వట్టి కాళ్ళతో పరుపు మీద నడిచేది. అరికాలికి ఎక్కడ ఉండ తగిలినా అక్కడ కుట్టు విప్పాల్సిందే. అది అత్త నేర్పిన పద్ధతి. ఆమె తొక్కని పరుపు ఆ గడప దాటేది కాదు.

ముప్పై ఏళ్ళు పీల్చిన దూది ధూళి 1994లో ఒక్కసారిగా లెక్క అడిగింది. పీల్చిన గాలి బయటికి రాదు, పడుకుంటే పిల్లికూతలు. బజారులో మందులిచ్చే ఒకాయన చిన్న తెల్లమాత్రలు ఇచ్చాడు. రెండో రోజుకే ఆయాసం ఎటు పోయిందో తెలియదు. మానితే మళ్ళీ వచ్చేది, అందుకని మానలేదు. అలా ఆరేళ్ళు గడిచాయి. ఈలోగా ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది, బుగ్గలు నిగనిగలాడాయి. చూసినవాళ్ళంతా ఒళ్ళు చేశావన్నారు. అందరికంటే సంతోషించింది హనీఫ్. తన ఇంట్లో తిండికి కొదవ లేదని ఊరికంతా తెలిసిపోయిందని మురిసిపోయాడు, పాపం.

ఒకరోజు పరుపు కుట్టి లేవబోయింది. లేవలేకపోయింది. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకోవచ్చు, నొప్పే లేదు. లెమ్మంటే తొడలు మాట వినలేదు, అంతే. దేకుతూ కిటికీ దగ్గరికి పోయి, ఊచలు పట్టుకుని ఎలాగో నిలబడింది. తల దువ్వుకోవడానికి చేతులెత్తినా సగంలోనే వాలిపోతున్నాయి. ఒళ్ళు పెరగడం వల్ల అనుకుని ఓ పూట తిండి మానేసింది. దాంతో ఇంకా నీరసించింది.

ఎవరికీ చెప్పలేదు. పని చేసే చోటు కిటికీ కిందికి మార్చుకుంది. మనుషులున్నంతసేపూ కూర్చునే ఉండేది. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడటం ఆ వీధిలో అందరికీ అలవాటు. అజీజాబీ లేవడం మానేసింది. కుప్పం నుంచి శారదమ్మ వచ్చినప్పుడూ లేవలేదు. శారదమ్మ పెద్ద రైతు ఇంటి ఇల్లాలు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పరుపులు కుట్టించుకుంటున్న మనిషి. మనవరాలికి పరుపు కుట్టమని చెప్పి, ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది. అజీజాబీకి పొగరు తలకెక్కిందని వీధంతా అనుకున్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు అజీజాబీ హాయిగా నిద్రపోయింది. కాళ్ళు పోయాయి పాపం అని జాలిపడటం కంటే పొగరుబోతు అని తిట్టడమే ఆమెకు గౌరవం.

పరుపులు తొక్కే పని హనీఫ్ మీద పడింది. చెప్పుల్లేకుండా ఊళ్ళు తిరిగి పగిలిన కాళ్ళు ఆయనవి. వాటికి ఉండ తెలిసేదేముంది? నెల తిరక్కుండానే శారదమ్మ మనవరాలి పరుపు కుప్పం బస్సు మీద వెనక్కి వచ్చింది. కండక్టరు దింపించి, ఆమె చెప్పమన్న మాట చెప్పాడు. "పరుపులో ఉండ ఉండాదంట. దీన్ని అజీజాబీ తొక్కిందా లేదా కనుక్కోమనింది."

అజీజాబీకి తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి హనీఫ్‌ను పిలిచి, "నాకు కాళ్ళు పడిపోతాండాయి. ఎవురికీ తెలీకుండా మదనపల్లెకు పిల్చుకపో" అంది.

మదనపల్లెలో డాక్టరు సుప్రజ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లెమ్మంది. అజీజాబీ మూడుసార్లు ప్రయత్నించి ఏడ్చేసింది. డాక్టరు మాత్రల అట్ట చూసి తల పంకించింది.

"ఇది స్టెరాయిడ్ మాత్రమ్మా. ఆయాసానికి మంచి మందే, కానీ ఇన్నేళ్ళు ఆపకుండా వాడితే ముఖాన్ని ఉబ్బిస్తుంది, కండను తినేస్తుంది."

"అయితే ఈ పొద్దే కాలవలో పారేస్తా."

"ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఉన్నపళంగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఆయాసానికి పీల్చే మందు ఇస్తాను. గుడ్లు, పప్పు బాగా తిను. రోజూ ఎత్తు మీద కూర్చుని లే. లేవడం సులువైతే ఎత్తు తగ్గించు."

ఎత్తంటే ఆ ఇంట్లో ఏముంది, పరుపులే. నాలుగు పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి, తలుపు గడియ పెట్టి, వాటి మీద కూర్చుని లేవడం మొదలుపెట్టింది. మొదటిరోజు రెండుసార్లు లేచేసరికి చెమటలు పట్టాయి. ఇరవై రోజులకు పదిసార్లు లేచింది. అప్పుడు ఒక పరుపు తీయించింది. తీసింది ఒక్క పరుపే అయినా తొడలకు కొండంత తేడా తెలిసింది. మూడు నుంచి రెండుకు దిగాక వానల్లో ఆయాసం తిరగబెట్టింది, డాక్టరు మాత్ర మళ్ళీ కాస్త పెంచింది. తీసిన పరుపు మళ్ళీ వెయ్యాల్సి వచ్చిన రోజు హనీఫ్ మీద అనవసరంగా అరిచింది. ఆయన పరుపు వేసి, టీ పెట్టి తెచ్చాడు.

వెనక్కి వచ్చిన పరుపును కూర్చున్నచోటే విప్పి, కొత్త దూది పెట్టి మళ్ళీ కుట్టింది. పంపేద్దామని హనీఫ్ అంటే ఒప్పుకోలేదు. "నేను తొక్కందే అది పొయ్యేది లేదు" అంది. తొమ్మిదో నెలలో ఆఖరి పరుపు కూడా తీయించి, వట్టి నేల మీద కూర్చుంది. ఒక మోకాలు మడిచి, దాని మీద చెయ్యి ఆనించి లేచింది. కిటికీ ఊచలు మూడు అడుగుల దూరంలోనే ఉన్నాయి, వాటి వైపు చూడను కూడా లేదు. ఆ సాయంత్రమే కుప్పానికి కబురు పంపింది.

శారదమ్మ రాగానే అజీజాబీ నేల మీంచి లేచింది. నిదానంగానే, కానీ ఎవరి సాయం లేకుండా. కాళ్ళు కడుక్కొచ్చి, తల ఎత్తుకుని, పరుపు మీద ఆ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. శారదమ్మ చూస్తూ నిలబడింది.

"పోయినసారి నేనొస్తే కూసున్న సోటు నుంచి కదల్లేదు. ఇప్పుడు పొగరు తగ్గిందా ఏమ్మా?"

మునుపటి అజీజాబీ అయితే నవ్వేసి ఊరుకునేది.

"పొగరు కాదమ్మా. అప్పుడు లెయ్యలేకుంటి. సెప్పుకునేదానికి సిగ్గయి ఊరుకుంటి." మొత్తం చెప్పింది. తెల్లమాత్రలు, ఉబ్బిన ముఖం, చచ్చుబడ్డ తొడలు, నాలుగు పరుపులు. దాచడానికి ఏముంది, నడిచొచ్చిన దారేగా.

శారదమ్మ బొడ్లో నుంచి గుడ్డసంచి తీసి, అందులోంచి ఒక మాత్రల అట్ట బయటపెట్టింది.

"మోకాళ్ళ నొప్పులకని నాలుగేండ్లుగా మింగతాండాను. ఈ మధ్య మెట్లెక్కలేకుండా ఉండాను. వయసు మీద పడిందనుకుంటి. ఇదేనా సూడు."

అజీజాబీకి అక్షరాలు రావు. కానీ ఆ అట్ట ఎలా ఉంటుందో కళ్ళు మూసుకున్నా చెప్పగలదు. అప్పుడే శారదమ్మ ముఖం సరిగ్గా చూసింది. బుగ్గలు గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"ఇదేనమ్మా. మీయంతట మీరు మానేయొద్దు, అది ఇంకా సెడ్డ. డాక్టరమ్మ దగ్గరికి నేను తోడొస్తా."

పరుపును హనీఫ్‌కు అప్పజెప్పి ఇద్దరూ బస్టాండుకు నడిచారు. మదనపల్లె బస్సు మెట్టు దగ్గర శారదమ్మ ఆగిపోయి, ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. ఆ చూపు అజీజాబీకి బాగా తెలిసిన చూపే. తను ముందు ఎక్కి, వెనక్కి తిరిగి, కాళ్ళు గట్టిగా ఆనించుకుని చెయ్యి అందించింది.

"పట్టుకోమ్మా. నేను లాగతా."