గాలిమోటర్ల పోతే అర్ధగంట

కరీంనగర్‌లో ఒక హాస్టల్ వంటమనిషి లచ్చవ్వ. ఆదిలాబాద్‌లో ఉన్న కూతురు ప్రిస్కిల్లాకు నెల ముందే నొప్పులొచ్చాయని ఫోన్ రాగానే, ఏరుతున్న బియ్యం అట్లాగే వదిలేసి లేచింది. పక్కింటి ఆటో డేవిడ్ తన ఫోన్‌లో విమానం పోయే దూరం చూశాడు.

"గాలిమోటర్ల పోతే నూటయాభై కిలోమీటర్లే అత్తా. అర్ధగంట!"

పోతే అన్న మాట లచ్చవ్వ చెవిన పడలేదు. వెంటనే కూతురికి ఫోన్ చేసి చెప్పేసింది. "బుగులు పడకు బిడ్డా, గాలిమోటర్ల అర్ధగంటల వస్తున్న."

డేవిడ్ నాలుక కరుచుకున్నాడు. "ఈ రెండు ఊర్లల్ల గాలిమోటర్ దిగే జాగ లేదత్తా. బస్సే. ఐదు గంటలు."

లచ్చవ్వ బస్సెక్కింది. నిజం చెబితే పిల్ల గుండె జారిపోతుందని భయం. గంట గడిచాక ప్రిస్కిల్లాయే ఫోన్ చేసింది.

"ఏడున్నవ్ అవ్వా?"

"పైనున్న బిడ్డా. మబ్బులల్ల."

అప్పుడే కండక్టర్ అరిచాడు. "జగిత్యాల దిగేటోళ్లు ముంగటికి రాండ్రి!"

లచ్చవ్వ గబుక్కున ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"అవ్వా, మబ్బులల్ల గూడ జగిత్యాల ఉన్నదా?" అంటూ ప్రిస్కిల్లా నొప్పుల్లోనే పకపకా నవ్వింది.

"అబద్ధమాడిన బిడ్డా. ఇంక నాలుగు గంటలైతది."

"నిమ్మలంగ రా. బయలెల్లినవ్ గద, నాకిగ బుగులు లేదు."

లచ్చవ్వ ఫోన్ చెవి దగ్గరి నుంచి తీయలేదు. ఆ నవ్వు వినిపించినంతసేపు బస్సు ఎంత మెల్లగా పోతోందో ఆమెకు గుర్తే రాలేదు.