దుర్భిణి మొహాన బొట్టు

ఆ రోజుల్లో నాకు గురువు మీద ఉన్నంత గురి లక్ష్యం మీద ఉండేది కాదు. బాగ్‌బేరాలో మా రైల్వే క్వార్టర్ నుంచి ప్రతి ఆదివారం సైకిల్ మీద రైఫిల్ క్లబ్బుకి వెళ్లి, యాభై మీటర్ల దూరాన నా కోసం కట్టిన కాగితానికి తప్ప మిగతా అన్నిటికీ చిల్లులు పెట్టి వచ్చేవాణ్ని. (ఒకసారి పక్కవాడి కాగితానికి పెట్టాను. ఆ రోజు వాడికి బహుమతి వచ్చింది.) మా ఉస్తాద్ పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. నా అవస్థ చూడలేక, రైఫిల్ మీద బిగించే తన సొంత దుర్భిణిని చేతిలో పెట్టి, కన్ను అలవాటు చేసుకోమని ఇంటికి పంపారు. తుపాకి క్లబ్బులోనే తాళంలో ఉంటుంది కాబట్టి దుర్భిణిని మాత్రం తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాను. మేడ మీద నిలబడి యార్డులో వ్యాగన్ల నంబర్లన్నీ చదివేశాను. ఆ శనివారం విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్లో బొట్టు లేని పనిముట్టు ఉండదు. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నాన్న స్పానర్ల నుంచి మిక్సీ దాకా ఇల్లంతా తిరిగింది. నేను ప్రసాదం తిన్నానే గాని, ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో చూడలేదు.

పూజ మర్నాడు క్లబ్బులో బోర్లా పడుకుని, దుర్భిణి బిగించి, చెయ్యి చాపి ముందు మూత తీసి కన్ను పెట్టాను. లోకమంతా ఎర్రటి మంచు. నా కన్నే పోయిందనుకున్నాను. ఆ వచ్చే వారమే కార్ఖానాలో అప్రెంటిస్ ఉద్యోగానికి కంటి పరీక్ష. అది తప్పితే ఉద్యోగం లేదు, నాన్నేమో అప్పటికే వీధంతా చెప్పేశాడు. ఎడమ కన్నుతో చూశాను. అదీ ఎరుపే. అంటే రెండు కళ్లూ పోయాయన్నమాట. తల ఎత్తితే గడ్డిపరకలు మామూలుగానే కనిపించాయి కాబట్టి, పోయింది దూరపు చూపేనని రోగం కూడా నేనే తేల్చుకున్నాను. (ఉస్తాద్ వస్తువులో దోషం ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.)

“క్యా హువా, సో గయే?” అని, నిద్రపోయానేమోనన్నట్టు అడిగారు ఉస్తాద్ వెనక నుంచి.

“ధూప్ హై, ఉస్తాద్,” అని ఎండ మీదకి నెట్టాను. ఆకాశం నిండా మబ్బులు.

కంటి డాక్టర్ని తలుచుకుంటూ అయిదు గుళ్లు పేల్చాను. ఉస్తాద్ తుపాకి కింద పెట్టించి, ముందుకు వెళ్లి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

“ఇస్‌కీ షాదీ హై క్యా?”

పెళ్లెవరికా అని నేనూ వెళ్లి చూస్తే, ముందరి అద్దం నడిమధ్య, నూనెలో తడిపిన కుంకుమతో రూపాయి బిళ్లంత బొట్టు. తుడవమని ఆయన వైపు చాపితే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. “మా కే హాథ్ కా హై. తుమ్ పోంఛో.” అమ్మ పెట్టిన బొట్టు తుడిచే ధైర్యం ఆ పటాలం మనిషికి లేకపోయింది. నేనే తుడిచాను. తళతళలాడే అద్దంలోంచి మరో అయిదు పేల్చాను. ఉస్తాద్ కాగితం తెప్పించి చూసి, మునుపటివే నయమనీ, వెళ్లి మళ్లీ బొట్టు పెట్టించుకోమనీ అన్నారు.

ఇంటికొచ్చి అమ్మ మీద లేచాను. “అద్దానికి బొట్టేంటమ్మా?”

“మరెక్కడెట్టమంతావు? బొట్టు మొగానికెడతారు గానీ ఈపుకెడతారేటి?” అంది. “మూత తీసి ఎట్టి, మల్లీ మూసీసినాను. దుమ్ము పడిపోద్దని.”

కంటి పరీక్షలో నెగ్గాను. ఆ కార్ఖానాలోనే ఇన్నేళ్లూ గడిచాయి, ఇప్పుడు కళ్లజోడు కూడా వచ్చింది. ఈ ఏడు పూజ నాడు స్నానం చేసి వచ్చి, మిక్సీ పక్కన పెట్టిన జోడు తగిలించుకుంటే గోడ గడియారం ఎర్రగా కనిపించింది. అమ్మకిప్పుడు చూపు ఆనదు, అయినా రెండు అద్దాలకీ సరిగ్గా నడిమధ్యే పెట్టింది. ఒకటి తుడుచుకుని, రెండోది తుడవబుద్ధి కాక, ఆ కన్ను మూసుకుని కాఫీ అందుకున్నాను.

“ఏటిరా, ఒంటి కంటితో సూత్తన్నావు?” అంది అమ్మ.

“గురి సూత్తన్నానమ్మా,” అన్నాను.