మూడో గేటు దగ్గర పేరు

మా హాలండులో కిటికీలకు తెరలు వేసుకునే అలవాటు తక్కువ. అందుకే ఎదురింటి నోల్ బ్రేకెల్మాన్స్ పార్కుకు వెళ్లడం మానేశాడని వీధిలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే.

నోల్ బూట్ల ఫ్యాక్టరీలో బూట్ల అడుగుభాగాలు కుట్టినవాడు. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కా పోయింది. ఊరి చివర రంగులరాట్నాలు, బొమ్మల కోటలు, బస చేసే కుటీరాలు ఉన్న పెద్ద పార్కుకు ఏడాదంతా ఎన్నిసార్లైనా వెళ్లగలిగే కార్డు అతనికి ఉండేది. వాన పడ్డా మంచు కురిసినా పొద్దున్నే సైకిలెక్కి అక్కడికి పోయేవాడు. ఏ ఆటా ఎక్కేవాడు కాదు. కార్డున్నవాళ్లకు ఊరికే పోసే కాఫీ తాగి వస్తాడని అందరం అనుకునేవాళ్లం. "ఊరికే ఇస్తే నోల్ బురదనీళ్లు కూడా వదలడు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఈ వసంతంలో పార్కువాళ్లు కార్డు సదుపాయాలన్నీ మార్చేశారు. ఉచిత కాఫీ తీసేశారు. కారు నిలిపితే డబ్బు కట్టమన్నారు. గేట్ల దగ్గర మనుషుల్ని తీసేసి యంత్రాలు పెట్టారు. వీధంతా భగ్గుమంది.

"కార్డు అమ్మేటప్పుడు అన్నీ ఇస్తామని, ఇప్పుడు నోటి దగ్గర కప్పు లాక్కుంటారా!" అంటూ మూలింటి కోరీ ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేసింది. నోల్ సంతకం పెట్టలేదు. పార్కుకూ పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూసేవాడు. నేను చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు, అంతే.

సంగతి తెలుసుకోకుండా నాకు కాలు నిలవదు. వెళ్లి తలుపు తట్టాను. కాఫీ ఇచ్చాడు. పక్కన ఒక్క బిస్కెట్టు పెట్టి, డబ్బా మూత బిగించేశాడు.

"కాఫీ ఆపేశారనేనా ఈ అలక?"

"వాళ్ల కాఫీ కుండీలో పోస్తే మొక్క కూడా తాగదు, రీత్. దానికోసం ఎవడు పోతాడు?"

"మరి దేనికోసం పోయేవాడివయ్యా?"

అతను చెంచాతో కాఫీ తిప్పసాగాడు. కప్పులో చక్కెరే లేదు.

"నీ కార్డు మీద నెలకో మనిషిని ఊరికే తీసుకెళ్లొచ్చు కదా. ఎప్పుడైనా తీసుకెళ్లావా?"

"ఎవర్ని తీసుకెళ్లను?"

"నన్ను. రేపే. గడ్డం గీసుకుని ఉండు."

మర్నాడు మూడో గేటు దగ్గర నోల్ యంత్రానికి కార్డు చూపించాడు. పచ్చదీపం వెలిగింది, కడ్డీ పక్కకు జరిగింది. అతను కదల్లేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరో పలకరిస్తారన్నట్టు నిలబడ్డాడు.

"తాతగారూ, తెరుచుకుంది, పదండి! వెనక మేమంతా ఉన్నాం" అంది ఒకావిడ.

నోల్ టోపీ పెట్టుకుని లోపలికి నడిచాడు. ఏదో ఉందని నాకు అర్థమైంది. సరాసరి ఫిర్యాదుల కౌంటరుకు లాక్కెళ్లాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"మీకు ఏది అందలేదండీ? కాఫీయా, పార్కింగా, భోజనం మీద తగ్గింపా?"

నోల్ గొంతు సవరించుకున్నాడు. "మూడో గేటులో ఫెమ్కె అని ఒకమ్మాయి ఉండేది. నేను రాగానే 'నోల్ బ్రేకెల్మాన్స్ గారూ, వచ్చారా!' అనేది."

"ఆఁ?"

"అది అందట్లేదు."

అమ్మాయి పాపం కంప్యూటరులో నిజంగానే వెతికింది. "అది సదుపాయాల్లో లేదండీ. కార్డు మీదేనా కాదా అని చూడ్డానికి, తెర మీద వచ్చిన పేరు పైకి చదవమని గేటు దగ్గరున్నవాళ్లకు చెప్పేవాళ్లం. ఇప్పుడు యంత్రమే ముఖం పోల్చుకుంటుంది."

"చదివేదా?" అన్నాడు నోల్.

"అవునండీ. అందరివీ."

"నన్ను గుర్తుపట్టి అంటోందనుకున్నాను."

"రోజూ చూసే మొహం, గుర్తుపట్టకుండా ఎలా ఉంటుందిలే!" అన్నాను గట్టిగా. ఆ మాట అతని చెవికెక్కలేదు. ఆ అమ్మాయి ఏం చేయాలో తోచక, పాన్‌కేకులకని ఇద్దరికీ రెండు కూపన్లు చేతిలో పెట్టింది.

తిన్నాం. నోల్ తనది చిన్న చిన్న ముక్కలుగా కోసి, పోయేవాళ్ల బూట్ల వంక చూస్తూ నమిలాడు.

"ఇకమీద నేను పిలుస్తాలే, రోజూ పొద్దున్నే" అన్నాను.

"నువ్వా? వీధిలో పిల్లుల్ని కూడా పేరు పెట్టి పిలుస్తావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

వేసవిలో కార్డు గడువు తీరింది. మళ్లీ తీసుకోలేదు.

ఆకులు రాలే రోజుల్లో నా మోకాలు వాచి డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా డాక్టరు తనే గది తలుపు దాకా వచ్చి, పేరు పిలిచి, చేయి కలిపి లోపలికి తీసుకెళతాడు. బయటి గదిలో నోల్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. టోపీ ఒళ్లో ఉంది.

"నీకేం వచ్చిందయ్యా? గుండ్రాయిలా ఉన్నావు."

"చిటికెనవేలు."

"ఏ చేతిది?"

కాస్త ఆలోచించాడు. "కాలిది."

తలుపు తెరుచుకుంది. "బ్రేకెల్మాన్స్ గారూ" అన్నాడు డాక్టరు.

నోల్ నేల చూస్తూ కూర్చున్నాడు. వినపడలేదేమోనని మోచేత్తో పొడవబోయాను. అతను నా చేయి మెల్లగా పట్టుకుని ఆపాడు.

"నోల్ బ్రేకెల్మాన్స్ గారూ! వచ్చారా?" డాక్టరు ఈసారి గది మొత్తానికీ వినపడేలా పిలిచాడు.

అప్పుడు లేచాడు. "వచ్చానండీ" అన్నాడు.